బిల్ట్-ఇన్ పెట్టాలా, విడివి కొనాలా: కోనసీమ వంటగదికి నా సమాధానం

అంబాజీపేట దగ్గర కడుతున్న ఇల్లు, 12 అడుగులకి 9 అడుగుల వంటగది. ఉండేది అమ్మగారు, నాన్నగారు ఇద్దరే. మీరూ మీ అన్నయ్యగారి కుటుంబమూ సంక్రాంతికి, వేసవి సెలవులకి వస్తారు. కిచెన్ చేసేవాళ్లు ఫ్రిజ్, డిష్‌వాషర్, ఓవెన్, మైక్రోవేవ్, పొయ్యి, చిమ్నీ అన్నీ బిల్ట్-ఇన్‌లో, అంటే అల్మరాల్లోనూ గట్టులోనూ ఇమిడిపోయేలా పెడితేనే అందంగా ఉంటుందని కొటేషన్ ఇచ్చారు. అమ్మగారేమో "ఉన్న ఫ్రిజ్ బాగానే ఉంది, దాన్ని గోడలో పాతిపెట్టొద్దు" అంటున్నారు. ఎవరి మాట వినాలో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నామని రాశారు.

ఫ్రిజ్ విషయంలో అమ్మగారి మాటే వినండి. పొయ్యి, చిమ్నీ బిల్ట్-ఇన్ పెట్టుకోవచ్చు, కొన్ని జాగ్రత్తలతో. డిష్‌వాషర్ విడిది కొని గట్టు కిందకి తోయండి. ఓవెన్, మైక్రోవేవ్ ఒకదాని మీద ఒకటి పెట్టే నిలువు అల్మరా, అదే ఓవెన్ టవర్, ఇద్దరుండే ఇంటికి అక్కర్లేదు.

నేను పాలకొల్లులో ఫ్రిజ్ మెకానిక్‌గా పని మొదలుపెట్టి 24 ఏళ్లయింది. పన్నెండేళ్లుగా వంటగదుల్లో సామాను బిగించే పని కూడా చేస్తున్నాను. నేను బిగించినవీ, వేరేవాళ్లు బిగించినవీ మళ్లీ ఊడదీసే పని కూడా నాకే వస్తుంది. షోరూంలో కనపడని సంగతులు ఆ ఊడదీసేటప్పుడే తెలుస్తాయి.

ముందు ఒక లెక్క చూడండి. మంచి ప్లైతో చేసిన వంటగది ఇరవై ఏళ్లు వస్తుంది. గ్రానైట్ గట్టు ఇల్లున్నంత కాలం ఉంటుంది. ఫ్రిజ్ పది పన్నెండేళ్లు, డిష్‌వాషర్ ఎనిమిది పదేళ్లు, మైక్రోవేవ్ ఇంకా తక్కువ. అంటే ఆ ఒక్క వంటగదిలోనే ప్రతి మిషన్నీ కనీసం ఒకసారి మారుస్తారు. మార్చే రోజున పాతది ఎంత సులువుగా బయటికి వస్తుంది, ఆ చోటులోకి ఇంకో కంపెనీది ఎంత సులువుగా దూరుతుంది? ఈ రెండూ చూసి ఇవాళ కొనాలి.

ఇక ఫ్రిజ్. పూర్తి బిల్ట్-ఇన్ ఫ్రిజ్ అంటే అల్మరాలో అమర్చి, దాని తలుపు మీద మన చెక్క తలుపు బిగించేది. బయటికి అల్మరాలాగే కనిపిస్తుంది. దానికి పక్కల నుంచి గాలి అందదు కాబట్టి కింద గ్రిల్ ఉండాలి, వెనక పైదాకా నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, పైన వేడి బయటికి పోయే దారి ఉండాలి. మాన్యువళ్లలో సాధారణంగా కిందా పైనా 200 చదరపు సెంటీమీటర్లకి తగ్గకూడదని రాస్తారు. అంటే 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న రంధ్రం. మన దగ్గర ఏం చేస్తారంటే, పైన శ్లాబు దాకా లాఫ్ట్ పెట్టెలు కట్టి ఆ దారి మూసేస్తారు. బొద్దింకలు వస్తున్నాయని కింది గ్రిల్‌కి అట్టముక్క అడ్డం పెట్టినవాళ్లనీ చూశాను. వేడి పోయే దారి లేకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. బిల్లు పెరుగుతుంది, ఫ్రిజ్ ఆయుష్షు తగ్గుతుంది.

దీనికి తోడు మన ఎండలు. ఫ్రిజ్ లోపల గానీ వెనక గానీ ఉండే స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని అక్షరాలుంటాయి. ఎన్ అంటే గది వేడి 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ అంటే 38 దాకా, టీ అంటే 43 దాకా పనిచేసేలా తయారైందని అర్థం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట, పొయ్యి వెలుగుతున్న వంటగదిలో, అల్మరా లోపల, గాలాడని చోట వేడి ఎంతుంటుందో ఊహించండి. అందుకని బిల్ట్-ఇన్ అయినా, విడిదైనా, టీ అన్న అక్షరం లేని ఫ్రిజ్ మన వైపు కొనకండి. సేల్స్ అబ్బాయికి తెలియకపోతే డిస్‌ప్లేలో ఉన్న ఫ్రిజ్ మీది స్టిక్కర్ మీరే చదవండి.

తర్వాత లోపలి చోటు. బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌లు ఎక్కువగా 56 సెంటీమీటర్ల వెడల్పు గూటికి తగ్గట్టు చేస్తారు. గూడు మనిషెత్తు ఉన్నా లోపల 250 లీటర్లకి అటూ ఇటూగానే వస్తుంది. అంత చోటే ఇచ్చే మామూలు డబుల్ డోర్ ఫ్రిజ్‌తో పోలిస్తే ధర చాలా ఎక్కువ ఉంటుంది. ఆ చోటు చాలదు, మన ఇళ్లలో ఫ్రిజ్‌లోకి వెళ్లేవి చిన్న చిన్న డబ్బాలు కావు. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ దిగితే ఇడ్లీ పిండి గిన్నె, పాల గిన్నె, పెరుగు, తురిమిన కొబ్బరి, పనసపొట్టు, శుభ్రం చేసిన రొయ్యలు, రేపటికి ఇంకా రుచి వస్తుందని దాచిన చేపల పులుసు దాక, అన్నీ ఒకేసారి లోపలికి వెళ్లాలి. దాక వెడల్పు కొలిచి చూడండి. షోరూంకి వెళ్లేటప్పుడు అమ్మగారి పిండి గిన్నె కొలతా, దాక కొలతా కాగితం మీద రాసుకెళ్లండి. లీటర్ల లెక్క కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

తలుపు బరువు సంగతి చాలామందికి తెలియదు. బిల్ట్-ఇన్ ఫ్రిజ్ కీళ్లు ఇన్ని కిలోల చెక్క తలుపునే మోయగలవని మాన్యువల్‌లో ఉంటుంది. భీమవరంలో ఒక ఇంట్లో కార్పెంటరు మిగతా అల్మరాలకి జతగా ఉండాలని ఫ్రిజ్‌కి కూడా టేకు ఫ్రేము తలుపు చేసి బిగించాడు. చాలా అందంగా ఉంది. ఏడాది తిరక్కుండా ఫ్రిజ్ చల్లబడట్లేదు, కింద నీళ్లు కారుతున్నాయని ఫోన్ వచ్చింది. గ్యాస్ పోయిందేమో అని ఆ ఇంటివారి భయం. నేను జేబులోంచి పది రూపాయల నోటు తీసి, తలుపు రబ్బరుకీ ఫ్రిజ్‌కీ మధ్య పెట్టి, తలుపు మూసి మెల్లగా లాగాను. రబ్బరు సరిగ్గా ఉంటే నోటు పట్టుకున్నట్టు ఉండాలి, లాగితే కాస్త బిగువుగా రావాలి. పైమూల దగ్గర నోటు జారి చేతిలోకి వచ్చేసింది. తలుపు బరువుకి కీలు వాలి పైన సందు పడింది. ఆ సందులోంచి మన తేమగాలి రాత్రీ పగలూ లోపలికి వెళ్తోంది. గ్యాస్ పోలేదు, కంప్రెసర్ చెడలేదు. టేకు తలుపు తీసేసి తేలికపాటిది పెట్టించి, కీళ్లు మార్చాల్సి వచ్చింది. ఆ కీళ్లు రావడానికి మూడు వారాలు పట్టింది. అన్ని రోజులూ వాళ్లు పాలు పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు.

సర్వీసు మాట కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు ఫ్రిజ్ చెడితే అమలాపురంలో, రాజోలులో, పాలకొల్లులో ఎవరో ఒకరు సాయంత్రానికల్లా వస్తారు, ముందుకి లాగుతారు, చూస్తారు. బిల్ట్-ఇన్‌కి ముందు కార్పెంటరు రావాలి, ఆ తర్వాత మెకానిక్ రావాలి, బాగయ్యాక మళ్లీ కార్పెంటరు రావాలి. కొన్ని కంపెనీల మనిషి విజయవాడ నుంచో వైజాగ్ నుంచో రావాలి. ఇంట్లో ఉండేది పెద్దవాళ్లిద్దరే అన్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. మీరు హైదరాబాద్‌లో ఉండి ముగ్గురికి ఫోన్లు చేసి ఒకే రోజు కుదర్చడం ఎంత కష్టమో ఆలోచించండి.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న కారణం ఇంకోటుంది, వరద. 2022 జూలైలో గోదావరి వచ్చినప్పుడు పి.గన్నవరం అవతల ఒక లంక ఊళ్లో తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లాను. పొద్దున్న వాకిట్లో ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి రెండో మెట్టుకి వచ్చాయి. పక్కింటివాళ్లు తమ ఫ్రిజ్‌లో సామాను తీసి, తలుపులకి తాడు కట్టి, నలుగురు పట్టుకుని నిలువుగా మేడ మీదకి ఎక్కించారు. పావుగంట పని. నన్ను పిలిచిన ఇంట్లో అన్నీ బిల్ట్-ఇన్. ముందు చెక్క తలుపు స్క్రూలు, తర్వాత గూటి పక్కల స్క్రూలు, తర్వాత కింది పలక. అన్నీ తీసి లాగబోతే రాదు. చూస్తే ప్లగ్ ఫ్రిజ్ వెనకే ఉంది, వైరు బిగుసుకుని ఉంది. మోకాళ్ల దాకా నీళ్లు వచ్చే వేళకి కరెంటు ఆపించి, వైరు కోసి ఫ్రిజ్ బయటికి తెచ్చాం. డిష్‌వాషర్‌ని వదిలేయాల్సి వచ్చింది. మూడు రోజులు ఒండ్రు నీళ్లలో నానింది, మోటారు పనికి రాలేదు. ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనలేదు, మేడ మెట్ల మీద కూర్చుని వంటగది వైపే చూస్తూ ఉండిపోయారు.

మీ ఊరు లంక కాదు, ఏటిగట్టుకి లోపలే ఉంటుంది. అయినా పెద్ద వానలకి మురుగు కాలవలు పొంగి ఇళ్లలోకి అడుగు నీళ్లు రావడం కోనసీమలో కొత్త కాదు. 1986 ఆగస్టు వరదా, 1996 నవంబరు తుఫానూ చూసినవాళ్లు మీ ఇంట్లోనే ఉన్నారు, నాన్నగారిని అడగండి. కింద పెట్టే ఏ మిషనైనా ఇద్దరు మనుషులు అరగంటలో బయటికి లాగగలగాలి. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి మోస్తే మాత్రం నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి, కంప్రెసర్ నూనె కిందకి దిగాలి.

మరి అందం సంగతి? విడి ఫ్రిజ్‌ని కూడా అందంగా పెట్టొచ్చు. ఫ్రిజ్ కోసం 36 అంగుళాల వెడల్పు ఖాళీ వదలమనండి. ఇప్పుడున్నది చిన్నదైనా సరే, రేపు పెద్దది కొనాలనుకుంటే చోటుంటుంది. రెండు పక్కలా ప్లై పలకలు నిలబెట్టి, పైన ఫ్రిజ్ నెత్తికి కనీసం 10 సెంటీమీటర్లు ఎడం ఉంచి ఒక పెట్టె కట్టిస్తే చూడటానికి బిల్ట్-ఇన్‌లాగే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఫ్రిజ్‌ని గోడ మూలకి ఆనించొద్దు. తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే లోపలి కూరగాయల సొరుగు బయటికి రాదు. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య జానెడు చోటు వదిలి, అక్కడ చీపురు, చేటా పెట్టుకునే సన్నని అర పెట్టించండి.

పొయ్యి దగ్గర నా అభిప్రాయం కొంచెం వేరు. హాబ్, అంటే గట్టు రాయికి రంధ్రం కోసి అందులో అమర్చే బిల్ట్-ఇన్ పొయ్యి, శుభ్రం చేయడం తేలిక, గట్టుకి సమానంగా ఉంటుంది కాబట్టి పెద్ద గిన్నెలు ఎత్తి పెట్టడం కూడా తేలిక. మామూలు స్టవ్వు గట్టు మీద నాలుగైదు అంగుళాలు ఎత్తు పెంచుతుంది. పొట్టిగా ఉండే ఆడవాళ్లకి ఆ ఎత్తు మీద ఇడ్లీ పాత్ర మూత తీయడం కష్టం, ఆవిరి ముఖానికి కొడుతుంది. ఆ లెక్కన హాబ్ మంచిదే. చిక్కంతా గ్రానైట్‌కి పెట్టే రంధ్రంతో వస్తుంది. 60 సెంటీమీటర్ల నాలుగు బర్నర్ల హాబ్‌లకి చాలావాటికి 56 బై 48 సెంటీమీటర్ల రంధ్రం సరిపోతుంది. మూడు బర్నర్ల పొడవాటి హాబ్‌లకి మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. ఎనిమిదేళ్ల తర్వాత ఆ మోడల్ ఆగిపోతే కొత్తదానికి రంధ్రం సరిపోవాలి కదా? గ్రానైట్ రంధ్రాన్ని పెద్దది చేయగలం, చిన్నది చేయలేం. అందుకని 60 సెంటీమీటర్లదే తీసుకోండి. కోసేటప్పుడు మూలలు గుండ్రంగా కోయమనండి. కోణంగా కోస్తే ఆ మూల నుంచే రాయి చీలుతుంది. కోసిన ముక్కని పారేయనివ్వకండి, ఇంట్లోనే దాచండి. ఎప్పుడైనా మామూలు స్టవ్వుకి మారాలనుకుంటే ఆ ముక్కే మూతగా పనికొస్తుంది.

అమ్మగారు అన్నం వార్చే పద్ధతిలో వండుతారా? అయితే గంజి పొంగుతూ ఉంటుంది. స్టవ్వునైతే ఎత్తి కడుక్కోవచ్చు. హాబ్‌లో బర్నర్ చుట్టూ దిగిన గంజి లోపలి ట్రేలో ఎండిపోతుంది, చీమలు చేరతాయి. దాన్ని కింద నుంచి విప్పగలిగేలా హాబ్ కింద సొరుగు తేలిగ్గా బయటికి వచ్చేలా చేయించండి. గంగాళం, పండగ పూట పెద్ద డేగిసా లాంటివి హాబ్ మీద పెట్టొద్దు. గాజుకి అంచు మీద తగిలే దెబ్బ ప్రమాదం. వాటికి పెరట్లో ఒక విడి పొయ్యి ఎలాగూ ఉంటుంది, ఉంచుకోండి. వెలిగించడానికి కరెంటు కావలసిన మోడల్ కంటే చిన్న బ్యాటరీతో వెలిగేది మన తుఫాను రోజులకి మంచిది. ఇండక్షన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

గ్యాస్ బండ గురించి కిచెన్ వాళ్ల డ్రాయింగులో ఒక తలుపున్న అర చూపించి ఉంటారు. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. మూసిన అరలో బండ పెడితే అక్కడే నిండుతుంది. ఆ తలుపుకి అడుగున నేల మట్టంలో గాలి దారులుండాలి, ఇంకా మంచిది తలుపే లేకుండా ఉండటం. రబ్బరు గొట్టం మీటరున్నర మించకూడదు, అయిదేళ్లకి మార్చాలి, ఏ అరలోంచీ గోడలోంచీ కనపడకుండా పోకూడదు. బండలు బయట పెట్టాలనుకుంటే పైపు పని గ్యాస్ ఏజెన్సీ మెకానిక్ చేతే చేయించండి, కార్పెంటరు చేత చేయించొద్దు. ఎప్పటికైనా మీ వీధికి పైపు గ్యాస్ వస్తే బర్నర్లకి గ్యాస్ వదిలే సన్న రంధ్రాల ముక్కలు, అంటే జెట్లు మార్చాల్సి ఉంటుంది, ఆ జెట్లు దొరుకుతాయా అని హాబ్ కొనేటప్పుడే అడగండి.

చిమ్నీకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎలాగూ గోడకి బిగించేదే. చేపల వేపుడు చేసే ఇంటికి గొట్టం ఆరంగుళాలది, వీలైనంత తక్కువ వంపులతో, నేరుగా బయటికి పోవాలి. బయట చివర గాలి వెనక్కి రాకుండా మూత, పిచ్చుకలు గూడు పెట్టకుండా జాలీ ఉండాలి. పొయ్యికీ చిమ్నీకీ మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు. అంతే.

డిష్‌వాషర్ దగ్గర మాత్రం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే దీని పని గోడలు కట్టేటప్పుడే మొదలవుతుంది. విడి డిష్‌వాషర్ ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు. పై మూత తీయగలిగే మోడల్ అయితే 82 దాకా తగ్గుతుంది. మన వైపు గట్టు ఎత్తు మామూలుగా 32, 33 అంగుళాలు, అంటే 81 నుంచి 84 సెంటీమీటర్లు. అందులో రాయి మందం పోతే కింద మిగిలేది 78 లేదా 79. అందుకే మిషన్ కొన్నాక చాలామంది వంటగదిలో దూరక బాల్కనీలో పెట్టుకుంటున్నారు. పోనీ గట్టంతా ఎత్తు పెంచుదామంటే వంట చేసేవాళ్ల భుజాలు లాగేస్తాయి.

దీనికి నేను చేయించే పద్ధతి, గట్టుని రెండు ఎత్తుల్లో కట్టించడం. సింకు వైపు 36 అంగుళాలు, పొయ్యి వైపు తక్కువ. సింకు అడుగు గట్టు కంటే ఎనిమిది అంగుళాలు కిందుంటుంది కాబట్టి గిన్నెలు కడిగే చేతులకి ఆ వైపు ఎత్తుగా ఉంటేనే నడుము వంగదు. పొయ్యి మీద గిన్నె ఎత్తు కలుస్తుంది కాబట్టి ఆ వైపు తక్కువుంటేనే భుజం నొప్పి రాదు. సింకు వైపు 36 అంగుళాలంటే 91 సెంటీమీటర్లు. కడప రాయి మీద గ్రానైట్ వేస్తే మందం నాలుగైదు సెంటీమీటర్లు పోయి 86 మిగులుతుంది, మామూలు విడి డిష్‌వాషర్ పై మూతతో సహా దూరుతుంది. కాంక్రీటు పలక పోసి దాని మీద గ్రానైట్ వేస్తే మాత్రం ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పోతాయి. అందుకని ఆ భాగానికి కాంక్రీటు వద్దని మేస్త్రీకి ముందే చెప్పండి.

కొలత ఎప్పుడు తీయాలి? నేల టైల్స్ వేశాక. రాజోలు వైపు ఒక ఇంట్లో టైల్స్ వేయకముందు కొలత తీసి గట్టు కట్టారు. తర్వాత సిమెంటుతో కలిపి టైల్స్ రెండంగుళాలు పైకి వచ్చాయి. మిషన్ తెచ్చి పెడితే అరంగుళం తేడాలో ఆగిపోయింది. కాళ్లు పూర్తిగా తిప్పేశాం, మూత తీసేశాం, అయినా రాయికి తగులుతూనే ఉంది. చివరికి గ్రానైట్ లేపి మళ్లీ వేశారు. టైల్స్ కంటే ముందే గట్టు కట్టక తప్పదంటే, టైల్స్ మట్టం గోడ మీద గీయించి ఆ గీత నుంచి కొలవండి.

నీళ్ల సంగతి రెండు మాటల్లో. ట్యాంకు నీటికి ప్రతి మీటరు ఎత్తుకీ 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మిషన్లు కనీసం 0.3 బార్, కొన్ని 0.5 బార్ అడుగుతాయి. ఒక అంతస్తు ఇంట్లో ట్యాంకు నేరుగా శ్లాబు మీద పెడితే 0.3 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు మిషన్ నీళ్లు రావట్లేదని ఆగిపోతుంది. ట్యాంకుకి నాలుగైదు అడుగుల దిమ్మ కట్టించండి, కొనే మోడల్‌కి ఎంత కావాలో మాన్యువల్‌లో చూడండి. రెండోది, బోరు నీళ్లు. డిష్‌వాషర్‌లో పోసే ఉప్పు నీటి గట్టిదనాన్ని తగ్గిస్తుంది గానీ సముద్రం దగ్గరి బోర్లలో ఉండే ఉప్పదనాన్ని తీయదు. ఉప్పగా ఉన్న నీళ్లు స్టీలుని కూడా తింటాయి. కుళాయి నీళ్లు వస్తుంటే మిషన్‌కి ఆ లైనే ఇవ్వండి. ఇత్తడి గిన్నెలు, మట్టి దాకలు, ఇనప మూకుడు అందులో పెట్టొద్దని అమ్మగారికి మొదటి రోజే చెప్పండి.

పూర్తి బిల్ట్-ఇన్ డిష్‌వాషర్‌కి మనం చెక్క తలుపు బిగించాలి. కడగడం అయ్యాక తలుపు తీస్తే ఆవిరంతా పైన గట్టు అంచుకీ పక్క ప్లైకీ కొడుతుంది. మామూలు పార్టికల్ బోర్డు అయితే ఏడాదిలో ఉబ్బుతుంది. విడిదైనా గట్టు కింద పెడితే ఆవిరి ఆవిరే కాబట్టి, సింకు వైపు అరలన్నీ ఐఎస్ 710 ముద్రున్న మెరైన్ ప్లైతో చేయించండి. ముద్ర ప్రతి షీటు మీదా ఉండాలి, కోయకముందే చూడండి. నేలకి ఆనకుండా కాళ్ల మీద నిలబెట్టమనండి. చెమ్మా, చెదలూ కింద నుంచే ఎక్కుతాయి. పంది కొక్కులు డ్రెయిన్ గొట్టం కొరికిన ఇళ్లు నా లెక్కలో చాలా ఉన్నాయి. గొట్టం గోడ దాటే రంధ్రం చుట్టూ సిమెంటుతో మూయించండి.

ఓవెన్, మైక్రోవేవ్ టవర్ గురించి: పిల్లలు వచ్చినప్పుడు కేకు చేస్తారు, సంవత్సరంలో నాలుగుసార్లు. దానికి గట్టు మీద పెట్టుకునే చిన్న ఓవెన్ (ఓటీజీ) చాలు. మైక్రోవేవ్‌కి ఛాతీ ఎత్తులో ఒక తెరిచిన అర పెట్టించండి. భుజం కంటే పైన మాత్రం వద్దు, వేడి పాలు దించేటప్పుడు పెద్దవాళ్ల చేయి వణికితే ప్రమాదం.

కరెంటు విషయంలో ఫ్రిజ్, డిష్‌వాషర్, మైక్రోవేవ్ మూడింటికీ వేరు వేరు 16 ఆంపియర్ల పాయింట్లు, వేరు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు), మొత్తానికి ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు). వంటగది తడిగా ఉండే చోటు కాబట్టి ఆర్‌సీసీబీ ఖర్చుకి వెనకాడొద్దు. ప్లగ్ ఎప్పుడూ మిషన్ వెనక పెట్టొద్దు, పక్క అరలో చేతికి అందేలా పెట్టించండి. లంక ఊరి సంగతి చెప్పాను కదా. ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల మీద నీళ్లకి గాలి కలిపే మోటార్లు (ఏరియేటర్లు) నడిచే ఊళ్లలో రాత్రిపూట వోల్టేజీ ఊగిసలాట నేను చూస్తుంటాను. మీ వైపు అంత ఉండకపోవచ్చు గానీ, వారం రోజులు సాయంత్రం ఏడు నుంచి పది మధ్య మీటరుతో వోల్టేజీ చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. ఫ్రిజ్ పెట్టె మీద స్టెబిలైజర్ అక్కర్లేదని ఉంటే, ఎంత నుంచి ఎంత వోల్టేజీ వరకో అక్కడే రాసి ఉంటుంది. మీ ఇంట్లో వచ్చిన అంకె ఆ రెండింటి మధ్య ఉందో లేదో పోల్చుకోండి.

కొటేషన్ ఇచ్చినవాళ్లని కూడా ఒక మాట అడగండి: "ఈ ఫ్రిజ్ చెడితే ఎన్ని స్క్రూలు తీయాలి, ఎవరు తీస్తారు, పదేళ్ల తర్వాత ఇదే కొలతలో ఇంకోటి దొరక్కపోతే ఈ గూడు ఏం చేస్తారు?" దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్లకి పని ఇవ్వండి. మంచి పనివాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. మిగిలే డబ్బు ప్లై మీద, కీళ్ల మీద, వైరింగ్ మీద పెట్టమనండి. సముద్రపు గాలి తగిలే మన చోట స్టెయిన్‌లెస్ స్టీలు కీళ్లే నిలుస్తాయి.

ప్లాస్టరింగ్ నడుస్తోందని రాశారు కాబట్టి ఇంకా చేతిలో టైముంది. ఈ ఆదివారం అమ్మగారిని ఆ వంటగదిలోకి తీసుకెళ్లి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే నిలబడమనండి. మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టండి. నేల ఇంకా టైల్స్ మట్టానికి రాలేదు కాబట్టి కాళ్ల కింద రెండంగుళాల ఎత్తు పలక వేసి, దాని మీద నుంచి కొలవండి. అందులోంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే కూరలు తరిగే గట్టు ఎత్తు వస్తుంది. పొయ్యి వైపుకి హాబ్ అయితే అదే ఎత్తు ఉంచండి, స్టవ్వు అయితే ఇంకో నాలుగు అంగుళాలు తగ్గించండి. ఆ గీతని ఆవిడ చేతే పెన్సిల్‌తో గోడ మీద గీయించి, మేస్త్రీకి చూపించండి.